పింగళి వారు ఏ ఇంటివారు?

(గ్రంథాలయ వారోత్సవాల సభలో చేసిన ప్రసంగానికి అక్షర రూపం)

సభకు నమస్కారం.

ఇంటిపేర్ల మీద మాట్లాడమని నన్ను పిలిచారు. పిలిచినవారే ఒక షరతు కూడా పెట్టారు. ఉన్న ఇంటిపేర్లన్నీ ఏకరువు పెట్టవద్దు, పన్నెండున్నరకు భోజనాలు అన్నారు. (నవ్వులు) అందుకని ఒక్క ఇంటిపేరే తీసుకుంటాను. అది ఊరూరా వినిపించే పేరు కాదు. అలాగని తెలియనివారూ ఉండరు. పింగళి.

ఈ గ్రంథాలయం కింది గదిలో పాత కార్డుల బీరువా ఉంది. కంప్యూటర్ వచ్చిన తరువాత దాని జోలికి ఎవరూ పోవడం లేదు. తెలుగు రచయితల కార్డులు అందులో ఇంటిపేరు ప్రకారం, అక్షరక్రమంలో ఉన్నాయి. 'పి' సొరుగు లాగి వేళ్ళతో వెనక్కి తోసుకుంటూ వెళితే పింగళి వారు వరసగా తగులుతారు. ఎల్లనార్యుడు, నాగేంద్రరావు, లక్ష్మీకాంతం, వెంకయ్య, సూరన. అక్షరక్రమానికి కాలంతో పని లేదు కదా, అందుకే అందరికంటే ముందువాడైన సూరన ఆ వరసలో చిట్టచివర కూర్చున్నాడు. ఒక ప్రబంధకవి, ఒక క్రైస్తవ కావ్యకర్త, ఒక సినిమా రచయిత, ఒక విశ్వవిద్యాలయ ఆచార్యుడు, జాతీయ జెండా రూపుదిద్దిన మనిషి. బొటనవేలికీ చూపుడువేలికీ మధ్య పట్టేటన్ని కార్డులు, నాలుగు వందల ఏళ్ళకు పైబడిన వ్యవహారం.

ఈ వరస చూపిస్తే ఎవరైనా మొదట అడిగే ప్రశ్న ఒకటే. "వీళ్ళంతా ఒకే కుటుంబమా?"

చుట్టరికాలు కలపడం మనకు మహా సరదా. రైల్లో ఎదురుగా కూర్చున్నాయన ఇంటిపేరు చెప్పీ చెప్పక ముందే, ఫలానా ఊళ్ళో ఫలానావారు మీకేమవుతారని మొదలుపెడతాం. అయితే ఇందులో ఒక తమాషా ఉంది. పదిమందికీ ఉండే ఇంటిపేరైతే ఇంత ఉత్సాహం రాదు. పేరు అరుదైనకొద్దీ, అది ఉన్నవారంతా ఒక్క ఇంటి వాళ్ళేనన్న నమ్మకం గట్టిపడుతుంది. ఆ నమ్మకానికి ఆధారం ఎంత ఉందో చూద్దామనే నా ప్రయత్నం. నా అభిప్రాయం ముందే చెప్పేస్తున్నాను, చాలా తక్కువ ఉంది.

మన ఇంటిపేర్లలో ఎక్కువ భాగం ఊళ్ళ పేర్లు. ఉన్న ఊళ్ళో ఎవరినీ ఊరిపేరుతో పిలవరు, అందరిదీ ఆ ఊరే కనుక. ఆ ఊరు వదిలి ఇంకో ఊరు చేరినప్పుడే "ఆ ఊరివారు" అవుతాం. అంటే ఇంటిపేరు తగిలించుకున్నది మనం కాదు, పక్క ఊరివాళ్ళు తగిలించారు. ఒకే ఊరు నుంచి నాలుగు కుటుంబాలు నాలుగు దిక్కులకు పోతే నాలుగింటికీ అదే పేరు పడుతుంది. వాళ్ళ కులం ఒకటే కావాలని లేదు, గోత్రం ఒకటే కావాలని లేదు. ఇంటిపేరు ఒకటే అయినా గోత్రం వేరైతే పెళ్ళిళ్ళు చేసుకునే కులాలు ఉన్నాయి. ఇంటిపేరు కలిసిందంటే పెళ్ళి మాటే ఎత్తని కులాలూ ఉన్నాయి. ఒక ఊరివారు కావడం వేరు, ఒక ఇంటివారు కావడం వేరు.

పింగళి అనేది ఊరిపేరే. సూరన పూర్వులలో గోకనామాత్యుడని ఒకాయన ఉన్నాడు. ఆయన పేకి అనే రక్కసిని లొంగదీసుకుని ఇంట్లో దాసీగా పెట్టుకున్నాడని వంశకథ. ఈ సంగతి ఎవరో గిట్టనివారు పుట్టించింది కాదు, సూరనే తన కావ్యంలో గొప్పగా చెప్పుకున్నాడు. మన పూర్వీకులు జమీందార్లని చెప్పుకోవడం చూశాం, దండనాయకులని చెప్పుకోవడం చూశాం. అంట్లు తోమడానికి రక్కసిని పెట్టుకున్నామని చెప్పుకున్న వంశం మాత్రం నాకు ఇదొక్కటే తెలుసు. (నవ్వులు)

సూరన దగ్గర కాసేపు ఆగుతాను, ఆయన ఆగదగిన మనిషి. 16వ శతాబ్దం కవి. మూడు కావ్యాలు మనకు దక్కాయి. 'రాఘవపాండవీయం' ద్వ్యర్థి కావ్యం, అంటే పద్యం ఒక్కటే, చదివే తీరు మార్చితే ఒకసారి రామాయణం, ఒకసారి భారతం. ఎలా సాధ్యమని అనుమానం వస్తుంది. కథల్లోనే కొంత వెసులుబాటు ఉంది. దశరథుడు వేటకు వెళ్ళి శాపం తెచ్చుకున్నాడు, పాండురాజూ వేటకు వెళ్ళి శాపం తెచ్చుకున్నాడు. అక్కడా అడవులకు పోవడమే, ఇక్కడా అడవులకు పోవడమే. పోలిక కుదిరిన చోట కవికి పని తేలిక. కుదరని చోట పదాన్ని ఎక్కడ విరిచి చదవాలన్నదాని మీద నడిపించాలి. ఒక చోట విరిస్తే రాముడు, ఇంకో చోట విరిస్తే ధర్మరాజు. రెండర్థాల పద్యం ఒక్కటి రాయడమే కష్టమైతే కావ్యమంతా రాయడం ఎవరి తరమని ఆ కావ్యం మొదట్లో ఆయనే అంటాడు, అని ఊరుకోకుండా రాసి చూపిస్తాడు.

అయినా నన్నడిగితే సూరన గొప్పతనం ఆ గారడీలో లేదు, 'కళాపూర్ణోదయం'లో ఉంది. నంద్యాల కృష్ణమరాజుకు అంకితమిచ్చిన కావ్యం అది. బ్రహ్మ సరస్వతితో సరసమాడుతూ ఒక కథ చెబుతాడు. చెప్పినవాడు బ్రహ్మ కాబట్టి ఆ కథ జరిగి తీరాలి. అందులోని మనుషులు అప్పటికింకా పుట్టనైనా లేదు! ఆ తరువాత పుడతారు, ఆ కథలోకి నడిచి వెళతారు. మధురలాలస అనే పసిపాప మాటలు రావలసిన వయసుకు ముందే తన పూర్వజన్మ కథ చెబుతుంది. ముందు జరిగింది వెనుక, వెనుక జరిగింది ముందు తెలుస్తూ కథ ముడి విప్పుకుంటూ పోతుంది. కట్టమంచి రామలింగారెడ్డి గారు 'కవిత్వ తత్త్వ విచారము'లో ఈ కావ్యాన్ని నెత్తిన పెట్టుకున్నాక గానీ మన పండితులు దాని వైపు కొత్త కళ్ళతో చూడలేదు. మూడోది 'ప్రభావతీ ప్రద్యుమ్నం'. దాన్ని రాజులకు కాకుండా కన్నతండ్రి అమరనామాత్యుడికి అంకితమిచ్చాడు. ఇంటిపేరు గురించి మాట్లాడుకుంటున్నాం కనుక ఈ ముక్క మరిచిపోకూడదు.

ఇక పింగళి ఎల్లనార్యుడు. 'తోభ్యా చరిత్రము' రాసిన కవి. దానికే 'సర్వేశ్వర మాహాత్మ్యము' అని ఇంకో పేరు. తుమ్మ రాయపరెడ్డికి అంకితం. తోభ్యా అనే భక్తుడి కథను ప్రబంధ ఫక్కీలో, మన పద్యాలలో చెప్పిన క్రైస్తవ కావ్యమది. రక్కసిని దాసీగా పెట్టుకున్న వంశం పేరూ, సర్వేశ్వరుడి కథ చెప్పిన కవి పేరూ పక్కపక్కన వచ్చాయంటే ఆ చమత్కారం కార్డుల బీరువాది. ఇంటిపేరు ఒకటైతే ఆలోచనలు కూడా ఒకటై ఉంటాయనుకునేవారికి ఎల్లనార్యుడిని చూపిస్తే చాలు.

మిగిలిన ముగ్గురూ దాదాపు ఒక కాలంవారు. చిత్రం చూడండి, ముగ్గురికీ బందరుతో ముడి ఉంది.

వెంకయ్య గారు పుట్టింది భట్లపెనుమర్రు, ఇప్పటి కృష్ణా జిల్లా మొవ్వ మండలం, కూచిపూడికి దగ్గర. దక్షిణాఫ్రికాలో బోయర్ యుద్ధంలో పనిచేశారు, గాంధీ గారిని అక్కడే కలిశారు. తిరిగి వచ్చాక మునగాల పరగణాలో పత్తి మీద పరిశోధనలు చేశారు, కంబోడియా పత్తి పండించారు. జనం "పత్తి వెంకయ్య" అన్నారు. జపాన్ భాష నేర్చుకుని బాపట్లలో ఆ భాషలో ఉపన్యసించారు. "జపాన్ వెంకయ్య" అన్నారు. గనులూ వజ్రాలూ చదివారు, "డైమండ్ వెంకయ్య" అన్నారు. 1916లో దేశానికొక జెండా కావాలని నమూనాలతో చిన్న పుస్తకం అచ్చువేశారు. 1921లో బెజవాడ కాంగ్రెస్ సమావేశాల్లో ఎరుపు, ఆకుపచ్చ రంగుల జెండా గీసి గాంధీ గారికి ఇచ్చారు. రాట్నం ఉండాలన్నది జలంధర్ వారు లాలా హంసరాజ్ సలహా, తెలుపు గాంధీ గారు చేర్పించింది. 1931లో రంగులు మారాయి, 1947 జూలై 22న రాట్నం స్థానంలో ధర్మచక్రం వచ్చింది. ఆయనకు మాత్రం "జెండా వెంకయ్య" అన్న పేరు నిలిచిపోయింది.

ఇక్కడ నాకొక ఊహ వస్తుంది. ఇదంతా రెండు వందల ఏళ్ళ ముందు జరిగి ఉంటే? ఆయన సంతానాన్ని ఊళ్ళోవాళ్ళు "జెండా వారు" అనేవాళ్ళు. మునగాల వైపు స్థిరపడిన శాఖ ఉంటే "పత్తి వారు" అయ్యేది. మూడు తరాలకు పింగళి అన్న మాట ఆ ఇంట్లో మాయమయ్యేది. ఇంటిపేర్లు ఇలాగే పుట్టాయి, ఇలాగే చచ్చాయి. బళ్ళో పేరు నమోదు చేయించడం, పట్టాదారు పుస్తకం, ఓటర్ల జాబితా వచ్చాకే మన ఇంటిపేర్లు గడ్డకట్టాయి. లేకపోతే అవి కదులుతూనే ఉండేవి.

లక్ష్మీకాంతం గారు 1894లో పుట్టారు. తిరుపతి వేంకట కవుల జంటలో ఒకరైన చెళ్ళపిళ్ళ వేంకటశాస్త్రి గారికి బందరులో శిష్యుడు. అదే గురువు దగ్గర చదువుకున్న కాటూరి వేంకటేశ్వరరావు గారితో కలిసి 'సౌందరనందము' రాశారు. బుద్ధుడి తమ్ముడు నందుడు, అతని భార్య సుందరి, వాళ్ళ ప్రేమా వైరాగ్యమూ కథ. ఈ జంటను లోకం "పింగళి - కాటూరి" అంది. తిరుపతి వేంకట కవులను సొంత పేర్లతో పిలిచిన లోకం, వారి శిష్యుల దగ్గరికి వచ్చేసరికి ఇంటిపేర్లకు మారింది. తరువాత ఆంధ్ర విశ్వవిద్యాలయంలో తెలుగు చెప్పారు. 'ఆంధ్ర సాహిత్య చరిత్ర' ఆయన పాఠాల సారం. నాటకాల్లో ధర్మరాజు వేషం కట్టేవారు కూడా. సూరనను పైకెత్తిన రామలింగారెడ్డి గారు ఉపకులపతిగా ఉన్న విశ్వవిద్యాలయంలోనే లక్ష్మీకాంతం గారు పాఠాలు చెప్పారు. ఇది చుట్టరికం కంటే రుచిగా లేదూ?

నాగేంద్రరావు గారు 1901లో బొబ్బిలి దగ్గర రాజాంలో పుట్టారు. చదువు బందరు ఆంధ్ర జాతీయ కళాశాలలో. కొన్నాళ్ళు రైల్వేలో ఉద్యోగం, 'శారద' పత్రికలో పని, ఆపైన బందరులోని ఇండియన్ డ్రమెటిక్ కంపెనీకి నాటకాలు. అక్కడి నుంచి సినిమాలకు వెళ్ళారు. 'పాతాళభైరవి' 1951, 'మాయాబజార్' 1957. డింగరి, డింభకుడు, అసమదీయులు, తసమదీయులు, వీరతాళ్ళు, గింబళి, గిల్పం. ఈ మాటలు విని నవ్వినవారు మళ్ళీ ఇంటికెళ్ళి వాడుకున్నారు, ఇప్పటికీ వాడుతున్నారు. పత్రికల్లో రాజకీయ వ్యాసం తిరగేయండి, అసమదీయులో తసమదీయులో తగలకుండా ఉండరు. నిఘంటువు వేసినవారు కూడా భాషలోకి ఇన్ని మాటలు ఎక్కించలేదేమో.

నాగేంద్రరావు గారు చదివిన ఆ జాతీయ కళాశాలలోనే వెంకయ్య గారు కొన్నాళ్ళు పాఠాలు చెప్పారు. ఒకరు నాటకాలు రాసిన ఊళ్ళోనే ఇంకొకరు నాటకాలు ఆడారు. ఈ ముగ్గురినీ దగ్గర చేసినది ఇంటిపేరు అనుకుంటాం. నాకైతే బందరు అనిపిస్తుంది. ఆ రోజుల్లో అక్కడ ఒక జాతీయ కళాశాల, పత్రికలు, నాటక సమాజాలు, ఒక చెళ్ళపిళ్ళ ఉన్నాయి. పింగళి వారే కాదు, ఏ ఇంటిపేరు ఉన్నవాడు అక్కడ తిరిగినా ఏదో ఒకటి చేసి ఉండేవాడు.

ఇక ఆ సొరుగులో లేని వాళ్ళ సంగతి.

హనుమకొండలో వడ్డేపల్లి వైపు వెళ్ళినవారు పింగిళి ప్రభుత్వ మహిళా డిగ్రీ కళాశాల చూసే ఉంటారు. అక్కడ పింగిళి అంటారు, 'గ'కు గుడి ఉంటుంది. వీరు వడ్డేపల్లి రెడ్లు, దేశ్‌ముఖులు. ఈ కుటుంబానికి చెందిన వెంకట్రామారెడ్డి గారు 1947-48లో లాయక్ అలీ మంత్రివర్గంలో హైదరాబాద్ సంస్థానం ఉప ప్రధాని. ఇంకొకరు జస్టిస్ పి. జగన్మోహన్ రెడ్డి. ఆంధ్రప్రదేశ్ హైకోర్టు ప్రధాన న్యాయమూర్తిగా చేసి 1969లో సుప్రీంకోర్టుకు వెళ్ళారు. 1973 ఏప్రిల్ 24న కేశవానంద భారతి కేసు తీర్పు వచ్చింది. పార్లమెంటు రాజ్యాంగాన్ని సవరించవచ్చు గానీ దాని మౌలిక స్వరూపాన్ని మార్చకూడదని 13 మందిలో ఏడుగురు అన్నారు. ఆ ఏడుగురిలో ఈయన ఒకరు.

ఈయన కార్డు పింగళి వారి దగ్గర ఎందుకు లేదంటే, ఒక్క అక్షరం వల్ల. "పి." ఇది మన తెలుగువాళ్ళ ప్రత్యేకమైన ముచ్చట. ఇంటిపేరు ముందు పెట్టుకుంటాం, పెట్టుకుని ఒక్క అక్షరానికి కుదించేస్తాం. "పి." అంటే పాలగుమ్మి కావచ్చు, పిలకా కావచ్చు, పుట్టపర్తి కావచ్చు. వంశం గురించి అంత గర్వపడే జాతి వంశనామానికి చుక్క పెట్టి దాచేసుకోవడం ఎక్కడైనా ఉందా?

ఒక పింగళి దేశానికి జెండా ఇచ్చారు, ఇంకొక పింగిళి రాజ్యాంగాన్ని నిలబెట్టారు, ఎంత గొప్ప వంశమో చూడండి అని ఎవరైనా వాట్సాప్‌లో రాస్తే క్షణంలో ఊరంతా తిరుగుతుంది. వారి కులం వేరు, ప్రాంతం వేరు, ఆనాటికి వారి రాజ్యాలు కూడా వేరు. మూడక్షరాలు తప్ప కలిపేది ఏమీ లేదు.

ఆ మాటకొస్తే మరాఠీవారి పింగ్లేలు ఉన్నారు. శివాజీ దగ్గర పీష్వాగా పనిచేసిన మోరోపంత్ త్రింబక్ పింగ్లే. గదర్ వీరుడు విష్ణు గణేశ్ పింగ్లే, 1915 నవంబర్ 16న లాహోర్ జైలులో కర్తార్ సింగ్ సరాభాతో పాటు ఉరికంబం ఎక్కినవాడు. వరంగల్ పింగిళి వారు ఇంగ్లీషులో తమ పేరు మరాఠీవారిలాగే రాసుకుంటారు. ఇంగ్లీషు చదివి చుట్టరికం కలిపేవారికి ఇది మంచి ఉచ్చు. ఇక ఛందశ్శాస్త్రం రాసిన పింగళుడు, ఇడా పింగళా నాడులు, అరవై ఏళ్ళలో 51వదైన పింగళ నామ సంవత్సరం, వీటిని కూడా ఈ లెక్కలో వేసేవారున్నారు. పింగళ సంవత్సరం క్రితంసారి 1977-78లో వచ్చింది, దివిసీమ ఉప్పెన ఆ ఏడాదే. దానికీ పింగళి వారికీ పూచీ లేదు. (నవ్వులు)

సముద్రం దాటితే ఇంటిపేరు తోకకు వెళుతుంది. కార్నెల్ విశ్వవిద్యాలయంలో వ్యవసాయ ఆర్థికవేత్త ప్రభు పింగళి, టెక్సస్ విశ్వవిద్యాలయం ఆస్టిన్‌లో కంప్యూటర్ శాస్త్రవేత్త కేశవ్ పింగళి. అక్కడ అందరూ పిలిచేది ఆ చివరి పేరుతోనే. ఇక్కడ చుక్క వెనుక దాక్కున్న పేరు అక్కడ తలుపు మీది పలక అయింది.

ఇంతమందిలో ఆడవారు ఎక్కడ? కింది గదిలోని కార్డులు అన్నీ మగవారివే. 'చిట్టగాంగ్ విప్లవ వనితలు' రాసి 2016లో కేంద్ర సాహిత్య అకాడమీ యువ పురస్కారం అందుకున్న చైతన్య పింగళి పుస్తకానికి కార్డు ఉండాలి, బీరువా మూతపడ్డాక వచ్చింది గనుక లేదు. మిగతావారి సంగతి వేరు. పింగళి వారింట పుట్టిన ఆడపిల్ల పెళ్ళితో ఇంకో సొరుగులోకి వెళ్ళిపోతుంది. వేరే ఇంట పుట్టిన పిల్ల పింగళి అవుతుంది. దత్తత వెళ్ళిన కొడుకు కూడా అంతే. తరానికి ఒక తల్లి చొప్పున లెక్కవేస్తే, ఏ ఇంటిపేరు వెనుకైనా సగం మంది బయటి ఇంటిపేర్లవారే. ఈ లెక్క వేయకుండా "మా వంశం" అని మీసం దువ్వుకుంటే వినడానికి బాగుంటుంది గానీ, అది అర్ధసత్యం. అక్షరాలా అర్ధం. (నవ్వులు)

నేను చెప్పదలచుకున్నది ఇంతే. ప్రశ్నలుంటే అడగండి.

(సభలో నుంచి ఒక పెద్దాయన: "మా కోడలి పుట్టింటివారు పింగళి వారేనండీ. మాది దివి ప్రాంతం. ఆవిడ వెంకయ్య గారి బంధువునని చెప్పుకోవచ్చా?")

చెప్పుకోవడానికి ఎవరి అనుమతీ అక్కర్లేదు బాబాయి గారూ, నిరూపించడానికి మాత్రం కాస్త తిరగాలి. ఇంటిపేరు పక్కన పెట్టండి. ముందు గోత్రం కనుక్కోండి, అది తేడా వస్తే అక్కడితో ఆగిపోవచ్చు. కలిస్తే తాతలూ ముత్తాతల పేర్లు, ఏ ఊరినుంచి వచ్చారో రాసుకోండి. పితృకార్యాలు చేయించిన పురోహితుల ఇళ్ళలో మూడు తరాల పేర్లు ఉంటాయి. కాశీ, గయ వెళ్ళినవారుంటే పండాల పుస్తకాల్లో చేవ్రాళ్ళు ఉంటాయి. వారికి ఇనాం భూములు ఉండేవని ఇంట్లో అనుకుంటే ఇంకా మంచిది. మద్రాసు ప్రభుత్వం 1858లో ఇనాం కమిషన్ వేసింది. అప్పుడు ఊరూరా తిరిగి ఇనాందారుడెవరు, ఆ భూమి ఎవరిచ్చారు, ఎవరి నుంచి ఎవరికి వచ్చింది అని రిజిస్టర్లు రాశారు. ఆ రిజిస్టర్లు ఉన్నాయి. కానీ వాటిలో వెతకాలంటే ఊరి పేరు, మనిషి పేరు రెండూ చేతిలో ఉండాలి. ఇవాళ ఇంటికెళ్ళి కోడలమ్మను వాళ్ళ ముత్తాత పేరేమిటో అడగండి. ఆమెకు తెలియకపోతే వాళ్ళ మేనత్తకు ఫోను చేయించండి.